డాక్టరమ్మ కోటు మరమ్మతులు

ఆ డాక్టరమ్మ గురించేనా అడుగుతున్నావు? కూర్చో తల్లీ, చెబుతాను. ఆవిడ పోయి కూడా పదేళ్లు దాటింది. పెద్దాసుపత్రిలో పెద్ద కుర్చీ వేస్తాం రమ్మన్నా పోకుండా, మా మిల్లు వెనక సందుల్లో ఇరవై ఆరేళ్లు టీబీ మందులిస్తూ ఉండిపోయిన మనిషి. ఆవిడ రాకముందు మా సందులోని చిన్నాసుపత్రి తొమ్మిదింటికి తెరిచేవారు. తొమ్మిదింటికి మిల్లువాళ్లంతా మిషన్ల దగ్గరుంటారు కదా, మందుకు ఎవరొస్తారు? ఈవిడ ఐదున్నరకే తలుపు తీయించింది. నిద్ర చాలట్లేదమ్మా అని కాంపౌండరు గొణిగితే, దగ్గుతో రోగులకీ చాలట్లేదులే అందిట. అదీ ఆవిడ వరస.

సరే, ఎక్కడున్నాను? ఆఁ, మా తమ్ముడు, మీ దర్జీ తాత. వాడికి ఆ జబ్బు పట్టుకుంది. రెండు నెలలు మందు మింగాడు, దగ్గు తగ్గింది, ఒళ్లు తేరుకుంది, ఇంకెందుకక్కా అని మానేశాడు. ఇక్కడ జాగ్రత్తగా విను. గరికను సగం పీకి వదిలేస్తే ఏమవుతుంది? మళ్లీ లేస్తుంది, ఈసారి మొండిగా. ఈ జబ్బూ అంతే, ఆర్నెల్లూ మింగాల్సిందే. అందుకే డాక్టరమ్మకు దగ్గేవాళ్లకన్నా దగ్గు తగ్గినవాళ్లంటేనే బెంగ.

పాపం, ఆవిడా ఒక పొరపాటు చేసింది. వీడు వారం నుంచీ రావట్లేదని ఆసుపత్రి మనిషిని, చేతిలో టీబీ కార్డుతో, నేరుగా వాడి కుట్టు కొట్టుకే పంపింది. ఇంకేం, వీధంతా గుప్పుమంది. సాయంత్రానికల్లా కుట్టని గుడ్డలన్నీ వెనక్కి పట్టుకుపోయారు. ఒకావిడైతే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ పట్టుకుపోయింది. వీడు తలుపేసుకుని, "చస్తే చస్తాను గానీ ఆ మందు ముట్టను" అని కూర్చున్నాడు. చూస్తే ఇద్దరు చంటిపిల్లల తండ్రి.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మే వచ్చింది. తప్పు నాదే అంది. వాడు తలుపైతే తీశాడు. ఆవిడ ఒంటి మీది తెల్లకోటు విప్పి బల్ల మీద పెట్టి, చేతులు పొడుగైనాయి, కాస్త తగ్గించు అంది. పని వద్దనలేడుగా, వాడు సూది అందుకున్నాడు. ఆవిడ మాత్రలు పక్కన పెట్టి, మింగిందాకా కదల్లేదు. మర్నాడు జేబు చిరిగిందంది. ఆ మర్నాడు గుండీ. నాలుగు నెలలు తల్లీ, రోజూ అందరూ చూస్తుండగా వాడు కుట్టిన కోటే తొడుక్కుని వెళ్లేది. ఒక్క కోటు సరిచెయ్యలేని దర్జీ అని వీధి నవ్వింది. ఆ నవ్వినవాళ్లే, డాక్టరు తొడుక్కుంటుంటే మనకేం అనుకుని, ఒక్కొక్కరే మళ్లీ గుడ్డలు తెచ్చారు.

చివరి మాత్ర రోజు నేనక్కడే ఉన్నా. "ఇన్నాళ్లూ నేనంటే భయం వెయ్యలేదా డాక్టరమ్మా?" అనడిగాడు వాడు.

"మొదట్లో నీ దగ్గంటే వేసింది. తర్వాతంతా నీ మొండితనమంటేనే."

వాడు నవ్వాడు. అన్నాళ్లూ నవ్వొస్తే తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడా, ఆ రోజు నోరంతా తెరిచి...

ఊఁ. ఆ కిటికీ వెయ్యి తల్లీ, జల్లు కొడుతోంది.