నాలుగు తుంపుల రొట్టె

లాక్‌డౌన్ రోజుల్లో కోసిగిలో ఫోనుకు సిగ్నల్ మిద్దె పైనే అందేది. ఆ ఉదయం నా కొత్త చీర పక్కనే మా ఆయన చొక్కా ఆరేసి మురిసిపోతుంటే, పక్క మిద్దె మీద ఒక తల్లి, ట్యాంకరు నీళ్లు పట్టి పైకొచ్చిన కూతురు మాట్లాడుకోవడం వినిపించింది.

“ఎన్ని బిందెలు దొరికినాయి పాపా?”

“రెండే మా. చేతులు పడిపోయినాయి. నీ కాలు వాపు తగ్గిందా?”

“యాడ తగ్గిండాది! ఫోన్లో నీ క్లాసు ఇప్పుడే అయిపాయ. నీ పేరు పిలిస్తే నేనే ‘ప్రెజెంట్ మేడం’ అంటి.”

“అయ్యో! మేడం కనిపెట్టలేదా?”

“అప్పుడు కనిపెట్టలేదు. నీ గొంతూ నా మాదిరే అలిసిపోయిండాది గదా. మూడు దినాలు పలక్కుంటే పేరు తీసేస్తామన్నారు, ఏం చేసేది?”

“పాఠమేం చెప్పిరి?”

“రొట్టెను నాలుగు తుంపులు చేసి ఒగటి తింటే ఎంత మిగుల్తాదని నీ పేరు పిలిచే అడిగె.”

“నువ్వేమంటివి?”

“ఏం మిగల్దు మేడం, ఇంట్లో నలుగురుండాము అంటి.”

“అందరూ నవ్వినారా?”

“పిల్లోల్లు నవ్విరి. మేడం నవ్వలేదు. ‘పాప యాడికి పోయిందమ్మా?’ అని మెల్లగా అడిగె. నీళ్లకని చెప్పితి. ఈ పొద్దుకు హాజరు వేస్తా, రేపు మాత్రం పాపనే కూర్చోబెట్టు అనె.”

“ట్యాంకరూ పదికే, క్లాసూ పదికే. ఎట్ల మా?”

“ముందు ఇది చెప్పు. నా లెక్క తప్పా?”

“తప్పే మా. మూడు తుంపులు మిగలాల.”

“చూస్తివా, నాకు రాదు. రేపు నువ్వే కూర్చో. కుంటుకుంటా అయినా నీళ్లకు నేనే పోతా.”