ధర్మవరం ముడి

ఏమ్మే రూతమ్మా, నువ్వు గూడా ఆ సముద్రం ఊరి నంబరుకే వచ్చినావా? ఊరంతా నా వాకిలే తొక్కాల్నా? ఊరకే వచ్చినప్పుడు నువ్వు చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి కాపీ అడుగుతావు. పనుంటే మాత్రం గడప మీదనే నిలబడతావు. చూడు, చెప్పులు ఇంకా కాళ్ళకే ఉండాయి.

కూర్చో. ఇస్తాలే. ఇయ్యనని ఎవరన్నారు? రెండు మాటలు చెప్పి ఇస్తా. చిన్న కతే. నీ పెనుకొండ బస్సు వచ్చేలోపల అయిపోతాది.

ఆఫీసులో లీవు ఇచ్చినారంటనే నీకు? మంచిదే. మీ ఆయన ఇస్సాకుకు లీవుతో పనేముంది! గడియారాలు బాగుచేసే అంగడి గదా, ఆయప్ప తెరిచినా మూసినా టైము ఒకటే చూపిస్తాది.

కోప్పడొద్దు. నా నోరు నీకు తెలీందా?

అదే మ్మే నేను చెప్పొచ్చేది, ఈ నోరు గురించే.

పోయిన కార్తీకంలో మేము పోయినాము గదా ఆ పడుబైలు అనే ఊరికి. మా ఆయన సుంకప్పకు అరవై నిండినా సముద్రం చూడలేదని ఒకటే దిగులు. తిరుపతికి పోతే మంది, సముద్రానికని గోవా పోతే మంది, యాడికి పోయినా మన మాదిరి వాళ్ళ ముందర నూరు మంది. హిందూపురంలో లారీ తోలే నాగేంద్ర చెప్పినాడు, కర్ణాటకలో కుందాపుర దాటినాక చేపలు పట్టేవాళ్ళ ఊరు ఒకటుండాది, లాడ్జి లేదు, హోటలు లేదు, వాళ్ళింట్లోనే రూము ఇస్తారు, తిండీ వాళ్ళే పెడతారు, తిరుపతికి పెట్టే దుడ్లలో సగం చాలు అని.

రైల్లో బెంగళూరు, ఆడినుంచి ఇంకో రైలు, ఆ తర్వాత బస్సు. దిగితే కొబ్బరిచెట్లు, ఇసుక, సముద్రం. అంతే. మనిషి అలికిడి లేదు. మా సుంకప్ప చెప్పులు విడిచి పోయి, దోసిట్లో నీళ్ళు తీసుకొని నాలిక మీద వేసుకున్యాడు. ఉప్పగుంటుందని లోకమంతా చెప్తాంది గదయ్యా అంటే, మంది మాట నమ్మితే ఎట్లా, మనం గూడా చూసుకోవాల గదా అంటాడు.

ఆ ఇంటాయన పేరు మంజన్న. డెబ్భై ఉంటాయి. ఆయప్ప భార్య గిరిజక్క. ఎంత మంచోళ్ళో చెప్పలేను. పొద్దున గంజి, మధ్యాన్నం చేపల పులుసు. ఆ ఊర్లో ఎవరి వల చినిగినా మంజన్న దగ్గరికే వస్తాది. వాకిట్లో వలలు కుప్పలు పోసి ఉంటాయి. కట్టిచ్చేది ఆయప్పే. అదే వాళ్ళ కూడు.

నువ్వు గడియారం చూడొద్దు. బస్సు ఎప్పుడన్నా టైముకు వచ్చిందా?

మొదటి దినం బాగనే ఉండింది. రెండో దినానికి నాకు ఊపిరాడలా. అలల సద్దు తప్ప ఏమీ లేదమ్మా! మాట్లాడదామంటే ఎవరి గురించి మాట్లాడేది? ఎవరికి ఎవరు ఏమవుతారో తెల్దు, ఎవరింట్లో ఏం జరిగిందో తెల్దు. నిమ్మళంగా ఉండే ఊరంటే అదే మ్మే. నువ్వు ఆలోచించుకో.

పోయి మంజన్న పక్కన కూర్చున్యా. వల బండకు తగిలి నిలువునా చినిగిండాది. ఆయప్ప చెక్కసూదితో ఒక ముడి వేస్తాడు, బిగిస్తాడు, మళ్ళా బిగిస్తాడు, గోటితో నొక్కి చూస్తాడు. ఇంకో ముడి వేసేలోపల నేను ఒక నిద్ర తీయొచ్చు. నాకు నవ్వు ఆగలా. పెద్దాయనా, ఈ లెక్కన నేను మా ఊర్లో పని చేస్తే, అమ్మ పెళ్ళి చీర మనవరాలి పెళ్ళికి అందుతాది అన్యా. కన్నడంలోనే అన్యా. మా అమ్మది కన్నడం మాట్లాడే అగళి గదా, నాకు రెండూ ఒకటే. ఆయప్పా నవ్వినాడు.

నా పని నీకు చెప్పేదేముంది? మగ్గం మీద చీరలు అయిపోతే, పాత పడుగు కొసలకు కొత్త పడుగు అతకాల. విబూది అంటించుకొని రెండు వేళ్ళతో మెలేస్తే, పోగు పోగులో కలిసిపోవాల. అట్ల నాలుగువేల పోగులు. ముప్పై ఏండ్లుగా ఈ ధర్మవరంలో ఇంటింటికీ పోతాండా. నా అతుకు ఊడిందని ఒక్కరిని చెప్పమను! చేతులకు పని ఉంటాది, నోటికి ఉండదు. అందుకే ఎవరింట్లో ఏం ఉడుకుతాందో అన్నీ నాకే తెలిసేది. అందరూ నన్ను ఆడిపోసుకుంటారు గానీ, నోరు మూసుకొని నాలుగువేల పోగులు అతికి చూడమను.

ఆ మధ్యాన్నం మంజన్నకు కుందాపురలో ఏదో పనిబడి పోయినాడు. పోతా పోతా నా చూపు వల మీదుండేది చూసి, "బేడమ్మా" అన్యాడు. వద్దమ్మా, నేనే వచ్చి చేసుకుంటా అని. నాకు అర్థం కాకనా? మర్యాదకు అంటాండాడు అనుకున్యా. కాదు. మర్యాదకు అనుకున్యాననేది గూడా అబద్ధమే. నా వేళ్ళ సంగతి ఆ ఊరికి చూపించాలనుకున్యా.

సంచిలో విబూది ఉండనే ఉండాది. మూడు గంటలు కూర్చున్యా. చినుగంతా అతికేసినా. యాడ చినిగిందో కనుక్కోమంటే ఎవరూ కనుక్కోలేరు. అంత నున్నగా కుదిరింది.

మంజన్న వచ్చి చూసినాడు. శానాసేపు చూసినాడు. ఒకచోట పట్టుకొని మెల్లగా లాగినాడు. నిలిచింది. చేత్తో లాగితే ఎందుకు నిలవదు? మగ్గం మీద గూడా నిలుస్తాది, వేల పోగులు కలిసి బరువు మోస్తాయి గదా. సముద్రంలో బరువు యాడ పడుతుందో నాకేం తెల్సు? ఆయప్పకు తెల్సు. తెల్సి గూడా, ఇంటికొచ్చిన మనిషి చేసిందాన్ని విప్పితే బాగుండదని ఊరకుండిపోయినాడు. శానా బాగుండాదమ్మా అన్యాడు.

మరుసటి దినం పొద్దున ఆ వలతోనే ఇంకో ఇద్దరితో కలిసి పడవలో పోయినాడు. నేను ఒడ్డున నిలబడినా. ఎందుకంటే? మెచ్చుకుంటారని! గంపలు పట్టుకొని చేపలమ్మే ఆడోళ్ళు గూడా ఉండారు.

పడవ వచ్చింది. గంపలో అడుగున నాలుగు చేపలు. బంగుడె చేపల గుంపు నిండుగా పడిందంట, వల నిలువునా విచ్చుకుందంట. పడవలో ఉన్న కుర్రోళ్ళు అరుస్తాండారు, ఈ వల ఎవరు కట్టినారు అని. అందరూ మంజన్నను చూసినారు. మంజన్న నన్ను చూసినాడు. ఒక్కసారే.

ఇంగ చూడు, నేనేమన్యానో.

నీళ్ళు ఇయ్యి ముందు.

"పెద్దాయనకు చూపు ఆనదేమో పాపం. సూది ఒక ఊర్లో, కన్ను ఒక ఊర్లో" అన్యా.

అట్లనే అన్యా, మొగంలో నవ్వు లేకుండా. నేను ఎట్లంటానో నీకు తెల్సు గదా. ఒడ్డంతా గొల్లుమని నవ్వినారు. కుర్రోళ్ళు నవ్వినారు, గంపలోళ్ళు నవ్వినారు. గిరిజక్క గూడా నవ్వింది, ఆమెకేం తెల్సు? మంజన్న కాదనలా. వలను భుజాన వేసుకొని ఇంటికి పోయినాడు.

నాలుగు దినాలని పోయినోళ్ళం, ఆ దినమే సంచి సర్దినా. యాల పోదాం అంటావు మ్మే అని సుంకప్ప అడిగితే, ఈడ గాలి పడలేదన్యా. బయల్దేరేటప్పుడు గిరిజక్క దారిలో తినమని వేపుడు కట్టిచ్చింది. నాలుగు బంగుడె చేపలు. లెక్క నీకే అర్థమైంటాది. మా సుంకప్ప రైల్లో వేళ్ళు నాక్కుంటా తిన్యాడు. నాకు దిగలా.

ఊరికొచ్చి ఏం చెప్పినా? స్వర్గం అని చెప్పినా. మంది లేరు, బేరం లేదు, అందరూ పోవాల్సిన చోటు అని ఇంటింటికీ చెప్పినా. ఎవరు పోతారులే అనుకున్యా.

పద్మజ పోయింది.

అదే, నెమలి పద్మజ. పరిగి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, చీర మీద బొమ్మలు తేల్చే జకార్డు అట్టలు తిరగేసి ఎక్కించి, నెమళ్ళన్నీ తలకిందులుగా నేసింది గదా? ఆ దినం వాళ్ళ పక్క మగ్గానికి పడుగు అతకతా ఉండింది నేనే. ఆ పాప ఏడస్తా, ఎవరికీ చెప్పొద్దు పెద్దమ్మా అనింది. సాయంత్రానికి వీధంతా చెప్పేసినా, పేరు గూడా పెట్టేసినా. తొమ్మిదేండ్లాయె. ఇప్పుడు దాని ఇంటిపేరు ఎవరికి గుర్తుండాది చెప్పు?

శివరాత్రికి ముందు పోయింది, మొగుణ్ణి తీసుకొని. అదే ఇల్లు, అదే రూము. ఆడ మంజన్న వాకిట్లో ఒక్క వల గూడా లేదంట. ఊరకే కూర్చోని సముద్రాన్ని చూస్తా ఉంటాడంట. ఎందుకని అడిగితే ఎవరో చెప్పినారు, ఆయప్పకు చూపు పోయింది, కార్తీకం నుంచి ఎవరూ పని ఇయ్యడం లేదని. నేనన్న మాటను ఆ ఊర్లో ఇంకా చెప్పుకొని నవ్వుకుంటాండారంట. సూది ఒక ఊర్లో, కన్ను ఒక ఊర్లో.

ఆ చినిగిన వల ఇంట్లో ఒక మూలన పడుండింది. పద్మజ దాన్ని పట్టుకొని చూసింది. విబూది పోయింటాది గానీ, ఊడకుండా మిగిలిన మెలికలు కొన్ని ఉంటాయి గదా. మగ్గం ముందర కూర్చునే మనిషికి తెలీకుండా పోతాదా, అది ఎవరి చేతి అతుకో? మంజన్నను అడిగిందంట. అప్పుడు గూడా ఆయప్ప ఏమీ చెప్పలేదంట. అతిథి గదమ్మా అన్యాడంట.

పద్మజ ఆ వల తీసుకొని ఒడ్డుకు పోయింది. అందరి ముందర పెట్టి, ఇది ఈయన ముడి కాదు, మా ఊర్లో పడుగు అతికే అంజినమ్మది అని చెప్పింది. ఒక ముడి మంజన్నది, ఒక మెలిక నాది, పక్కపక్కన లాగి చూపించింది.

వలలు తిరిగొచ్చినాయి ఆయప్పకు. ఆ ఊర్లో ఇప్పుడు ఊడిపోయే ముడిని ధర్మవరం ముడి అంటారంట. రేపు నువ్వు పోతే నీ చెవిన పడేదే. అందుకే ముందుగా నేనే చెప్పేస్తాండా.

నాకెవరు చెప్పినారా? పద్మజ చెప్పింది. నాకు ఒక్కదానికే. వచ్చిన దినం గిరిజక్క ఇచ్చిందని ఎండుచేపల పొట్లం తెచ్చి చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్ల చెప్పి, పోతాండా పెద్దమ్మా అనింది.

ఆ దినం నుంచి ఎదురుచూస్తాండా. యా ఇంటికి పనికి పోయినా మొగాలు చూస్తాండా, ఎవరు నవ్వుతారా అని. నేనైతే సాయంత్రం దాకా ఆగేదాన్ని కాదు. మూడు నెలలాయె. పద్మజ ఎవరికీ చెప్పలా.

నిన్న వాళ్ళింట్లోనే పడుగు అతికినా, అదే పిలిపించింది. పొద్దుగూకేదాకా నేను నోరు తెరవలా. కాపీ ఇచ్చింది. సరిగ్గా అప్పుడే వీధిలో పెరుగామె అరిచింది, "నెమలి పద్మజమ్మా, పెరుగు!" అని.

"వస్తాండా" అని, నేను పెట్టిన పేరుకే పలికి, గిన్నె తీసుకొని పోయింది.

ఇంగ రాసుకో నంబరు. బస్సు హారను కొడతాంది.