చిన్నబ్బులు కాసిన గుడ్లు

చిన్నబ్బులని బాతులు మేపేవోడంట, కాలవ గట్టు మనిషి. గుడ్డు కనపడితే చాలు, బుట్టలోకి ఎత్తేదాకా చెయ్యి ఊరుకోదంట. ఆయన కూతురు లోవమ్మని మన రేవులో పడవ నడిపే దానయ్యకిద్దామనుకున్నారు. సముద్రం చూడని మావకి మర్యాద చేద్దామని దానయ్య ఏం చేశాడూ, మాఘమాసంలో ఓ పొద్దున తండ్రినీ కూతుర్నీ పడవెక్కించి, ఏరు సముద్రంలో కలిసే కాడ తిప్ప మీదికి వనభోజనానికి తీసుకెళ్ళాడంట. ఇల్లు లేదు, దీపం లేదు, మడచెట్లూ ఇసకా కొంగలూ, అంతే. ఆ గాలికి చిన్నబ్బులు చిన్నపిల్లోడైపోయి ఎర్రపీతల ఎనకాల పరిగెత్తాడనుకో. మీరైనా అంతే లెండి.

ఆ తిప్పకో కట్టుబాటుంది. పొయ్యి తడి ఇసకలోనే తవ్వాల. పోటొచ్చి బూడిద కడుక్కుపోవాల, మనమొచ్చిన జాడ ఉండకూడదు. దానయ్య చెప్పాడు కూడాను. చిన్నబ్బులు వింటేనా? తడి ఇసకలో మంటేం మండుద్దిరా అల్లుడా అని పైన పొడి ఇసకలో తవ్వాడంట. ఏమైందంటే, మూరెడు లోతున తెల్లగా గుండ్రంగా గుడ్లు, తాబేలు పెట్టెళ్ళినయ్యి. ఇంకేముంది, తలపాగా విప్పి పరిచి, గుడ్లన్నీ అందులోకి ఎత్తి, కూర దొరికిందే అమ్మాయీ, ఉల్లిపాయలు కొయ్యి అన్నాడంట. దానయ్యేం చేస్తాడు? కాదంటే పిల్ల దక్కదు, ఔనంటే గంగమ్మ తల్లికి మొహం ఎలా చూపిస్తాడు? వలలో తాబేలు పడితే బొట్టెట్టి వదిలే జాతి మనది. చేతులు కట్టుకుని, "మావా, ఇక్కడ ముందు తవ్వుకున్నోళ్ళదే చోటు. ఆ తాబేలు తల్లి నీకంటే ముందు తవ్వుకుంది" అన్నాడంట.

చిన్నబ్బులికి ఒళ్ళు మండింది. గుడ్డు కూర పెట్టలేనోడు నా కూతురికేం పెడతాడు, సంబంధం లేదు గింబంధం లేదు, పడవ తియ్యమన్నాడు. తీద్దామంటే నీళ్ళు లాగేసి పడవ బురదలో కూచుంది. ఇక పోటొచ్చేదాకా తలో దిక్కు చూస్తా ఉన్నారంట. దానయ్య గుడ్లని ఎట్టున్నవి అట్టాగే గుంటలో సర్ది ఇసక కప్పాడు. అలిగినోడు అడ్డం రాలేదు. అప్పుడొచ్చిందండీ నక్క, మడచెట్లలోంచి వాసన పట్టుకుని నేరుగా గుంట కాడికి. బాతులు మేపేవోడికి నక్కంటే పుట్టుకతో పగ కదా. చిన్నబ్బులు అలక మర్చిపోయి తెడ్డు అందుకుని, నా గుడ్ల జోలికొస్తావటే అని తిప్ప చివరిదాకా తరిమాడంట. తిరిగొచ్చి గుంట పక్కనే చతికిలబడ్డాడు, పీతల్ని కూడా రానివ్వడు.

లోవమ్మ తడి ఇసకలో పొయ్యి తవ్వి, పీతల పులుసు కాచి, ఆకేసి, "ఎవరి గుడ్లు నాన్నా అవి?" అందంట. ఆయన రెండు ముద్దలు తిని, దానయ్య వైపు చూడకుండానే, "ముహూర్తం తొందరగా పెట్టించు. మళ్ళీ వచ్చి చూసుకోవాల, ఆ నక్క ఊరుకోదు" అన్నాడంట.

అట్టా కుదిరింది ఆ పెళ్ళి. చిన్నబ్బులు మాత్రం బతికినంత కాలం తాబేలు గుడ్లు కాపాడింది నేనేనని సంతల్లో చెప్పుకు తిరిగాడు. చెప్పుకోనీండి, కూర దక్కని నోటికి గొప్పలైనా దక్కాల కదా.