సుమ ఎత్తు బంగారం

మేడారం జాతర వచ్చిందంటే చుట్టుపక్కల బస్సులన్నీ అటే. అమ్మవార్లకు మొక్కుకొని మనిషి ఎత్తు, అంటే మనిషి బరువంత ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటారు. దాన్ని ఎత్తుకొని జనమంతా అటే. మరిపెడ దిక్కు నుంచి మానుకోట పోయే రోడ్డు మీద మాత్రం భద్రమ్మ, ఆమె పదిహేనేళ్ల బిడ్డ సుమ నడిచిపోతున్నారు. బిడ్డ ముందు, తల్లి వెనక.

"జల్ది నడువమ్మా."

"నడుస్తనే ఉన్న గదనే. గీ ఎండల ఆ స్వెటరేంది? తియ్యి."

"తియ్య."

"చెమటకు మొత్తం నానిపోయినవ్."

"నానాలె. గందుకే ఏస్కున్న."

"ఏందీ?"

"ఏం లేదు. అగో, ఆటో వస్తుంది. చెయ్యెత్తు."

"అన్నా, జర ఆపన్నా. మానుకోట స్టేడియం కాడ దించు."

"యాడ ఎక్కుతవక్కా? జాతరకు మాట్లాడుకున్నరు. కాలు పెట్ట సందు లేదు."

"పిల్లకు కబడ్డీ సెలక్షన్ ఉంది. దాన్నొక్కదాన్నన్న ఎక్కించుకో."

"ఎనక జాగల బంగారం ఉందక్కా. దాని మీద కూసోబెట్టుమంటవా? పాపం తగుల్తది. ఇంకో ఆటో చూస్కో."

"పోయిండు. చూసినవా బిడ్డా, ఎవలు ఆపుతలేరు. ఇంటికి పోదాం పా."

"పొద్దటి సంది గదే మాట. ఏమైందమ్మా నీకు?"

"బస్సు రాకపాయె, ఆటో ఆగకపాయె. మేడారం తల్లికే ఇష్టం లేదేమో."

"ఎందుకుండదు? సెలెక్టు కావాలని నా ఎత్తు బంగారం మొక్కుకున్నం. సెలెక్టు అయినంక ఇద్దామని నేనంటే, ముందుగాల్నే ఇద్దామంటివి. నువ్వే గద జాతరకు పోయే సారయ్య తాత తోని పంపినవ్."

"పంపిన."

"మరేంది?"

"ఏం లేదు. ఇగో, నీళ్లు తాగు."

"వద్దు."

"నిన్న మాపటి సంది తాగుతలేవు. నాకు తెల్వదనుకున్నవా? చెంబు నోటి కాడికి తీస్కపోయి పారబోసినవ్."

"దూప అయితలేదు."

"పెదవులు పగిలినయ్. ఊకె ఉమ్ముతున్నవ్. ఎవలన్న ఏమన్న చేసిన్రా నీకు? నాకు భయమైతుంది సుమా."

"ఎవలేం చెయ్యలే. తూకం కోసం."

"ఏం తూకం?"

"ఆడ ముందుగాల తూకమేస్తరు. యాభై అయిదు కిలోలు దాటితే ఆడనియ్యరు. పీఈటీ సారు చెప్పిండు."

"నువ్వంత యాడున్నవే? బొక్కలు తేలినయ్."

"రాజేందర్ సేటు దుకాన్ల బెల్లం కోసం కాటా ఎక్కిన గద. నువ్వు నా ఎనకాల్నే నిలబడ్డవ్. సేటు చూసి యాభై ఎనిమిది అన్నడు. మర్శిపోయినవా?"

"నడు, నడు."

"గప్పటి సంది పూటకు ఒక్క రొట్టెనే తిన్న. నిన్నటి సంది అది గూడ లేదు. ఏందమ్మా, ఎందుకాగినవ్?"

"గా కాటా మంచిది గాదు."

"నీకెట్ల తెలుసు?"

"దుకాణపోళ్ల కాటాలు గట్లనే ఉంటయ్."

"సేటు నిక్కచ్చి మనిషి అని నువ్వే అంటవ్ గద."

"అంట. అయినా గానీ, నీళ్లు తాగు. నీకు దండం పెడుత."

"తూకమైనంక తాగుత. అమ్మా, చెయ్యి పట్టుకో. రోడ్డు ఊగుతుంది."

"ఓ తల్లీ. కూసో, గీ రాయి మీద కూసో. కండ్లు మూయకు. సుమా, నన్ను చూడు."

"చూస్తున్న. స్టేడియం కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది. గవే లైట్ల స్తంభాలు. తాగు బిడ్డా, ఒక్క గుక్క."

"గుక్కెడు తాగినా ఎక్కువైతదమ్మా."

"కాదు. నువ్వు యాభై ఎనిమిది లేవు. సేటు తప్పు లేదు, కాటా తప్పు లేదు. నీ ఎనక నిలబడి నేనే కాటా మీద కాలు ఆనించిన."

"తల్లికి బంగారం తక్కువ కావద్దనా?"

"అవునంటే నువ్వు నమ్ముతవు. కానీ గది కాదు."

"మరెందుకు?"

"నీ మొక్కు నీది. అండ్లనే నా మొక్కు గూడ కలిపిన. ఎక్కువొచ్చిన బెల్లం నాది."

"నువ్వేం మొక్కినవ్?"

"నువ్వు సెలెక్టు కావద్దని. అయితే పట్నం హాస్టల్ల ఏస్తరంటివి. ఆడ ఒక్కదానివి ఎట్లుంటవో అని నిద్ర పట్టలే నాకు. గట్ల మొక్కిన. నువ్వు గిట్ల రోడ్డు మీద పడిపోతవని అనుకోలే."

"సారయ్య తాతకు ఫోన్ చెయ్యి. నీ బెల్లం పక్కకు తియ్యమను."

"పొద్దుగాల్నే ఆయనే చేసిండు. అమ్మవార్ల గద్దెల కాడ ఇచ్చేసిండంట. గప్పటి సంది నా పానం పానంల లేదు. బస్సు రాకపోతే నా మొక్కే అనుకున్న. ఆటో పోతే నా మొక్కే అనుకున్న. ఇంటికి పోదాం బిడ్డా, నాకు భయమైతుంది."

"ఎంత ఆనించినవ్?"

"ఏందీ?"

"కాలు. ఎంత ఆనించినవ్?"

"నీది యాభై నాలుగు కాడ ఆగింది. నాది నాలుగు కిలోలుంటదేమో."

"నాది యాభై నాలుగు, నీది నాలుగు. తల్లి ఎవల మాట ఇంటదో చూద్దాం. నీళ్ల సీస ఇటియ్యి."