చుక్కాని కింది పట్టీ

తాండూరు చంద్రశేఖర్ పటేల్ చనిపోయిన ఏడాదికి ఆయన కూతురు దీక్షిత దోమ అనే ఊళ్లో ఒక ఇంటికి వచ్చింది. ఒకప్పుడు తండ్రి రేసు పడవను నడిపిన నర్సప్ప ఇల్లు అది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“జర చాయన్న తాగు బిడ్డా.”

“చాయ్ వద్దు మామా. అడిగినదానికి చెప్పు. ఆ రేసునాడు ఏమైంది?”

“ఇరవై రెండేండ్ల ముచ్చట, ఇప్పుడెందుకు? పడవను బాగు చేపిస్తున్నవట గదా, మంచిగైతుందా? టేకు పలకలు పుచ్చలే గదా?”

“నాలుగు పుచ్చినయ్, మార్పిచ్చిన. తెరచాప కొత్తది కుట్టిచ్చిన.”

“హుస్సేన్‌సాగర్ల గా పడవను మించింది లేకుండె. మూడుసార్లు కప్పు తెచ్చినం. గాలి జరంత తగిలితే సాలు, ఉరుకుడే...”

“మాట మార్చకు మామా.”

“మార్చలే.”

“మా అన్న ఎట్ల మునిగిండు?”

“అప్పుడే అందరి ముంగట చెప్పిన గదా. చుక్కాని నా చేతిల ఉండె. చెయ్యి జారింది. పడవ బోర్లపడ్డది. రిత్విక్ బాబు తాళ్లల్ల చిక్కిండు. నేను మూడుసార్లు మునిగి చూసిన... దొరకలే. నాదే తప్పు.”

“అబద్ధం.”

“అబద్ధమెందుకైతది?”

“రంగు గీకితే కనబడ్డది. చుక్కానిని పట్టుకునే పట్టీలు మూడు. మీదియి రెండు ఇత్తడియి, పాతయి. కిందిదొక్కటే ఇనుముది. దానెనుక కట్టె చీరుకపోయింది. లప్పం పెట్టి కప్పిండ్రు. పాత పట్టీ నీళ్లల్లనే ఊడింది మామా. నీ చెయ్యి జారలే.”

“ఏమో. పాత పడవ. ఎప్పుడూడిందో ఏమో.”

“పట్టీ వదులైంది, మార్పియ్యమని నువ్వు నాయినకు ముందే చెప్పినవట. ఈ రేసు కానియ్యి, తర్వాత చూద్దమన్నడట. అమ్మ చెప్పింది.”

“మనోరమమ్మకు యాదుందా...”

“ఉంది. అంటే నాయిన గప్‌చుప్‌గ కొత్తది బిగిపిచ్చి, తప్పంత నీ మీదికి నూకిండు. నా కొడుకును సంపిండని ఊరూరా చెప్పిండు. నీకు యాడా పని దొరకకుంట చేసిండు. సచ్చేదాంక నీ మొఖం చూడలే. ఆయన బదులు నేను నీ కాళ్లు మొక్కుత.”

“అరె, లే బిడ్డా, లే! గట్ల చెయ్యకు.”

“ఇంట్ల ఆయన ఫోటో తీసేసిన. ఎల్లుండి పడవ నీళ్లల్ల దిగుతది. వచ్చినోళ్లందరికి చెప్త, మా నాయిన దొంగ అని.”

“వద్దు. పోయి ఫోటో మళ్ల పెట్టు.”

“ఎందుకు పెట్టాలె? నిన్ను గింత గోస పెట్టినోన్ని...”

“ఆయనకు తెల్వదు.”

“ఏం తెల్వదు?”

“పట్టీ ఊడిందని తెల్వదు. నీళ్లల్లకెంచి తీసిన కొడుకు శవం కాళ్లు పట్టుకొని ఆయన దవాఖాన్ల ఏడుస్తుండె. గప్పుడు ఒడ్డుకు పోయి కొత్తది బిగిచ్చింది నేనే.”

“నువ్వా! ఎందుకు మామా? ఇరవై రెండేండ్లు తిట్లు పడ్డవు గదా!”

“నన్ను తిట్టుకుంటనన్న బతికిండు బిడ్డా. కొడుకును సంపుకున్నది తనేనని తెలిస్తే, ఒక్క దినమన్న బతుకుతుండెనా?”