పుట్టబోయేవారికి సీట్లు

రెండు విషయాలు మాట్లాడనని బెడియాకో గారు ముందే చెప్పేశారు: ఒకటి తన పింఛను, రెండవది అసుబోన్ గుట్ట స్టాపు. తక్కినవేవైనా అడగవచ్చును.

అబొంకో బస్సుల స్టేషన్ పక్కన ఇస్సాకా టీకొట్టు. ట్రోట్రో వ్యాన్లు నిండితేగాని కదలవు కనుక, ఆ బెంచీల మీద వినేవారికి ఎన్నడూ కొదవ లేదు. ప్రాంతీయ రవాణా సంస్థకు ముప్పై ఏళ్ల ప్రణాళిక గీసిన మనిషి బెడియాకో గారు. కొత్త ప్రణాళికను ఖరారు చేసే రేపటి సభకు అధ్యక్షుడూ ఆయనే.

మొదట చెప్పుకున్నది చిన్న సంగతే. సంత ఎదుటి స్టాపును ఎండలోంచి మామిడిచెట్టు కిందికి జరిపించారట. నీడ మరీ చల్లగా ఉండి ఎవరూ బస్సెక్కకపోతే, చెట్టునే బస్సు వెంట నడిపించారట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్సు దారుల పటం గీయడానికి కూర్చున్నాను. ముప్పై ఏళ్లు ఒక్క కాగితంలో పడతాయా? విప్పుకుంటూ పోతే, పోతే, కొస వెళ్లి బోసుమ్త్వి సరస్సులో పడింది. మర్నాటి నుంచి అక్కడి చేపలన్నీ వరసలో నిలబడుతున్నాయి."

"మరి టిక్కెట్టో?" అన్నాడు డ్రైవర్ డాంక్వా.

"తలా ఒక పొలుసు."

ఒకనాడు ఆలస్యంగా వచ్చిన సూర్యుడు తల దించుకుని తనను టైంటేబులు అడిగాడని కూడా ఆయన సెలవిచ్చారు. "అంతెందుకు, పుట్టబోయేవాళ్లకి కూడా సీట్లు లెక్కగట్టాను. మొన్న మా మునిమనవడు పుడుతూనే ఏడవలేదు, నా కిటికీ సీటేదీ అన్నాడు."

అందరూ నవ్వారు. బెంచీ చివర పంతులమ్మ సెర్వా నవ్వలేదు.

"పెద్దయ్యా, పుట్టనివాళ్లని లెక్కగట్టారు. గుట్ట దగ్గర నిలబడ్డవాళ్లనెందుకు వదిలేశారు?"

ఆ సంగతి మాట్లాడనని చెప్పానుగా అన్నారాయన.

"మీరొద్దు, నేనే మాట్లాడతాను. ఇక్కడ నిండాకే కదా బండి కదిలేది? మా గుట్ట దగ్గరికొచ్చేసరికి కాలు పెట్టే చోటుండదు. మీ మనుషులేమో ఎక్కినవాళ్లనే లెక్కపెట్టి, అక్కడ జనమే లేరని రాసుకుపోయారు. మా పిల్లలు ఇవాళ్టికీ బడికి నడిచే వస్తున్నారు. రేపు మళ్లీ అదే లెక్క మీద సంతకం పెడితే, వాళ్ల పిల్లలూ నడుస్తారు."

డాంక్వా తన గ్లాసులోకి చూసుకున్నాడు. రోజూ గుట్ట దగ్గర ఆగకుండా పోయే బండ్లలో అతనిదీ ఒకటి.

"ఇదంతా అప్పుడే ఆఫీసుకి రాయాల్సిందమ్మా" అన్నారు బెడియాకో గారు, గొంతు సవరించుకుని.

"రాశాను పెద్దయ్యా. మీ పేరు మీదే."

ఆ ఉత్తరం ఆయనకు బాగా గుర్తుంది. దస్తూరి ముత్యాల్లా ఉందని ఆనాడు ఇంట్లోవాళ్లకు చూపించి మెచ్చుకున్నారు కూడా. జవాబు మాత్రం రాయలేదు.