శనివారం హాజరు

సంగారెడ్డి దారిలో ఒక కాలేజీ. ఆవరణలోనే క్యాడెట్ల హాస్టల్, ఏడో నంబరు గది. పందొమ్మిది వందల డెబ్బై రెండు, ఒక ఉదయం. పోయిన కొడుకు సామాను తీసుకువెళ్ళడానికి వచ్చిన త్రినాథరావు. ఆ కొడుకుతో పాటు ఈ గదిలో ఉన్న మహబూబ్.

"ఆ మంచం మీద వద్దు చిన్నాయన, ఇటు కూసోండ్రి. ఇది నాది."

"అది వాడిదా? దుప్పటి ఎవరు మడిచారు?"

"నేనే. మనిషి ఉన్న లేకున్న పక్క మడిచి ఉండాలె, తనిఖీకొస్తరు. రెండు వారాలసంది రెండు పక్కలు మడుస్తున్న."

"బాగా మడిచావు. అంచులు కలిశాయి."

"వాడికి రాకపోతుండె. బొంత లెక్క చుట్టి పెట్టేటోడు. హవల్దార్ సాబ్ కట్టెతోని పొడిచి, ఇందుల పామేమన్న ఉన్నదా కామరాజు అనేటోడు."

"ఇంట్లోనూ అంతే. ఇదేనా ట్రంకు?"

"అదే. బట్టలు నేనే సర్దిన. యూనిఫారం, బూట్లు స్టోరుకు ఇచ్చేసినం. అవి సర్కారువి. టోపీ ఉంచుకొమ్మన్నరు."

"టోపీ వద్దులే. వాళ్ళమ్మ కంట పడుతుంది. ఆవకాయ జాడీ ఒకటి ఉండాలి."

"ఖాళీది ఉన్నది. ఆవకాయ మేమే తిన్నం. 'నవాబుగారూ, మా అమ్మ ఆవకాయ ఒక్క ముద్ద తింటే మీ సంస్థానం రాసిచ్చేస్తారు' అనేటోడు. మాకేం సంస్థానమున్నది, మా అబ్బా లక్డారంల జట్కా తోలుతడు."

"తినడానికే కదా పెట్టింది. నాయనా, నీకు ఇంగ్లీషు వచ్చు కదా. ఈ కాగితం చదివి చెప్పు. వార్డెనుగారు సంతకం చెయ్యమన్నారు."

"ఆయన చెప్పలేదా?"

"చెప్పారు, గబగబా. నువ్వు నెమ్మదిగా చెప్పు. ఫ్యాక్టరీలో పనిముట్ల పేర్లు తప్ప నాకు ఇంగ్లీషు రాదు."

"క్యాడెట్ కామరాజు, శనివారం సాయంత్రం ఆరు గంటల హాజరుల ఉన్నడు."

"ఊఁ."

"ఆ తర్వాత, చీకటి పడినంక, ఎవ్వరికి చెప్పకుండ, హాస్టల్ కట్టుబాట్లు మీరి, మైదానం వెనకున్న గోడ ఎక్కి, పడి, సచ్చిపోయిండు. ఇందుల హాస్టల్ తప్పేం లేదు. తండ్రినైన నేను ఒప్పుకుంటున్న. గంతే."

"ఆ గోడ ఏమిటి?"

"ఎనిమిదడుగులుంటది. ఉరికొచ్చి, ఎక్కి, అటుపక్క దుంకాలె. పరీక్షల అదొకటి. వాడికి ఒక్కసారి గూడ రాలే. గోడరాజు, గోడరాజు అని ఏడిపిస్తుంటిమి."

"చీకటి పడ్డాక అని రాశారు."

"అవు."

"అదే నాకు అర్థం కాలేదు నాయనా. వాడికి చీకటంటే భయం. పెరట్లోకి వెళ్ళాలన్నా వాళ్ళమ్మని లేపేవాడు, మీసాలొచ్చాక కూడా. ఇక్కడో?"

"ఇక్కడ నన్ను లేపేటోడు."

"మరి ఆ రాత్రి?"

"ఏమో చిన్నాయన."

"లేపలేదా?"

"ఏమో. పండుకున్న. ట్రంకు బరువుంటది, గేటు దాక నేను పట్టుకొస్త."

"పక్క ఖాళీగా ఉందని చూడలేదా?"

"చూసిన."

"చూసి?"

"ఇంటికి పోయిండనుకున్న. శనివారం కద."

"శనివారం వస్తాడని నీకు తెలుసా?"

"హాస్టలంత ఎరుకే, వార్డెన్ సాబ్‌కు తప్ప. సాయంత్రం బీరంగూడ బస్సెక్కేటోడు. ఆదివారం పొద్దున తనిఖీకి ముంగట వచ్చేటోడు, పెసరట్లు కట్టుకొని."

"సెలవు చీటీ రాయించుకుని వస్తున్నానని మాకు చెప్పేవాడు. మేమూ నమ్మినట్టే ఉండేవాళ్ళం."

"ఆ శనివారం రాకపోతే మీరు పరేషాన్ కాలేదా?"

"ఈ ట్రంకు తాళంచెవి ఏదీ?"

"దానికి తాళం లేదు."

"ఓహో. లేదా."

"నీళ్ళు తాగుతరా చిన్నాయన?"

"వద్దు. తెల్లవారుజామున పోయాడని డాక్టరు చెప్పాడు. పొద్దున్నే గడ్డి కోసుకోవడానికి వెళ్ళిన ముత్యమ్మ అనే ఆవిడ చూసేటప్పటికి ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందిట. ఆ రాత్రి నేను దీపం ముందు కూర్చుని సహస్రనామం చదివాను. రోజూ చదివేదే. వాడి పేరు చెప్పుకుని ఒక పువ్వు పెట్టాను. అప్పటికి వాడు ఆ గోడ వెనక పడి ఉన్నాడా, ఇంకా వెళ్ళలేదా అని రోజూ అనుకుంటున్నాను. తెలిస్తే మాత్రం ఏం మారుతుంది? ఏమీ మారదు. కానీ ఆ పువ్వు అందుకున్న స్వామికి తెలిసే ఉంటుంది కదా. ఒక్క మాట, ఒక్క కల. ఏమీ లేదు. హాయిగా నిద్ర పట్టింది నాకు."

"చిన్నాయన."

"ఆఁ."

"ఉన్నడు. అప్పటికే గాడ ఉన్నడు."

"నీకెలా తెలుసు?"

"అయిదు గంటలకు పోయిండు, వెలుతురుండంగనె. 'ఇవాళ ఎక్కి తీరతాను నవాబుగారూ. నాలుగుసార్లు ఎక్కి, అటునుంచి అటే బస్సుకి పోతాను. హాజరులో నా పేరుకి నువ్వు పలుకు' అన్నడు."

"పలకడమంటే?"

"హవల్దార్ సాబ్ పేర్లు సదువుతడు. తల ఎత్తడు. ఎవడన్న లేకుంటే పక్కోడు అంటడు. గిట్ల అందరం అందరికి అంటం. శనివారాలు వాడికి నేను అంటుంటి."

"ఆ రోజు కూడా అన్నావు."

"అన్న. అనకపోతే ఎతుకుదురు. టార్చిలైట్లు పట్టుకొని మైదానమంత ఎతుకుదురు. గోడెంత దూరం చిన్నాయన, ఈడికి రెండు వందల గజాలు లేదు. దొరుకుతుండె. దవాఖాన గూడ దగ్గర్నే. బతుకుతుండె."

"ఊఁ."

"తిట్టండ్రి. రెండు కొట్టండ్రి. ఊఁ అనకుండ్రి."

"ఎవరికైనా చెప్పావా?"

"లే. చెప్తే నన్ను ఎల్లగొడ్తరు. తిండి, బట్ట, చదువు, అన్ని ఈడనే. అందుకే సప్పుడు చెయ్యలే. హవల్దార్ సాబ్ అడిగితే గూడ, ఉండె సాబ్, నా పక్కనే నిలబడె అని చెప్పిన. పొద్దున ఆ కాగితం మీ చేతుల పెడుతుంటే కిటికీలకెల్లి చూసిన. సంతకం చెయ్యకుండ్రి చిన్నాయన. వాడు చీకట్ల పోలే. వార్డెన్ సాబ్‌కు ఇప్పుడే చెప్త. ఎల్లగొడితే జట్కా తోలుకుంట."

"ఆగు. వాడి పేరుకి నువ్వు ఎలా పలికేవాడివి? నీ గొంతుతోనేనా?"

"నా గొంతు నా పేరుకు. వాడికి వాడి తీరు. జెర ముక్కులకెల్లి, సాగదీసి. వాడట్ల అంటుంటే వరసంత నవ్వుతుండె."

"ఏదీ, అను."

"ఇప్పుడా?"

"ఒక్కసారి."

"వద్దు చిన్నాయన."

"అను నాయనా."

"హా..జర్, సాబ్."

"మైదానంలో అయితే ఇంకా గట్టిగా అంటారు కదా."

"హా..జర్, సాబ్!"

"ఊఁ. ఇదే."

"ఏంది ఇదే?"

"లేచి రా. వార్డెనుగారి దగ్గరికి ఇద్దరం వెళ్దాం. చెప్పాల్సింది నువ్వొక్కడివే కాదు."

"మీరేం చెప్తరు?"

"ఆ శనివారం రేషను కార్డు పని మీద సంగారెడ్డి వచ్చాను. వాణ్ణి కూడా తీసుకుని ఒకే బస్సులో వెళ్దామని ఇక్కడికి నడిచొచ్చాను. హాజరు జరుగుతోంది, అయ్యేదాకా ఆగమన్నారు గేటు దగ్గర. కంచె అవతల నిలబడ్డాను. వరసలో ముఖాలు ఆనలేదు. వాడి పేరు పిలిచారు."

"యా అల్లా."

"విన్నాను. ఇంకా హాజరులోనే ఉన్నాడంటే ఇవాళ ఇక్కడే ఏదో పని పడింది కాబోలు, నిలబడి ఇబ్బంది పెట్టడం ఎందుకులే అనుకున్నాను. అంతలో బస్సు వచ్చింది, ఎక్కేశాను. ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో చెప్పాను, వాడు కులాసాగా ఉన్నాడు, ఇప్పుడే గొంతు విని వస్తున్నానని."